ఆటోమేటిక్ ట్రాన్సాక్సిల్ లోపల ఏం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటోమేటిక్ కారు కొన్న బంధువులూ స్నేహితులూ నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి ఇచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. టార్క్ కన్వర్టర్ ఉండి, ముందు చక్రాలను నడిపే ఆటోమేటిక్ కార్ల గురించే ఈ పేజీ. లెక్కలు చెప్పాల్సి వచ్చినప్పుడు జపాన్‌కు చెందిన ఐసిన్ సంస్థ ఆరు గేర్ల ట్రాన్సాక్సిల్ టీఎఫ్-80ఎస్‌సీని ఉదాహరణగా తీసుకున్నాను. వోల్వో, ఫోర్డ్, ఓపెల్, ప్యూజో వంటి చాలా కంపెనీలు దాన్ని తమ కార్లలో వాడాయి. దాని లోపలి అమరిక తెలిస్తే మిగతా ఆరు గేర్ల పెట్టెల్లో చాలావాటిని అర్థం చేసుకోవడం తేలిక.

ట్రాన్సాక్సిల్ అంటే గేరుబాక్సుకే మరో పేరా?

కాదు. గేరుబాక్సు, డిఫరెన్షియల్ రెండూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని ట్రాన్సాక్సిల్ అంటారు. ఇన్నోవా క్రిస్టా కింద ఒకసారి వంగి చూడండి. ఇంజన్ వెనుక గేరుబాక్సు, అక్కడినుంచి కారు పొడవునా ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక ఇరుసు మధ్యలో గుండ్రటి డిఫరెన్షియల్ కనిపిస్తాయి. అది వెనుక చక్రాలతో నడిచే బండి. బ్రెజా, క్రెటా లాంటి కార్లలో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, నడిచేవి ముందు చక్రాలు. గేర్లు, చివరి తగ్గింపు గేరు, మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్, అన్నీ ఇంజన్ పక్కనే ఉన్న ఒక్క అల్యూమినియం పెట్టెలో సర్దేస్తారు. దాని రెండు వైపుల నుంచి రెండు డ్రైవ్ షాఫ్టులు నేరుగా చక్రాలకు వెళతాయి.

నా కారు ఆటోమేటిక్. అందులో ఉన్నదీ ఇదేనా?

కావాలని లేదు. మన దగ్గర 'ఆటోమేటిక్' అనే ఒక్క మాట కింద నాలుగు రకాల యంత్రాలు అమ్ముతున్నారు. 2014లో సెలేరియోతో మన రోడ్ల మీదికి వచ్చిన ఏఎంటీ మామూలు మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మనకు బదులు యంత్రం చేస్తుంది. సీవీటీలో మెట్టు మెట్టుగా మారే గేర్లు ఉండవు, రెండు కప్పీల మీద ఉక్కు బెల్టు చుట్టుకునే వ్యాసం మారుతూ పోతుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి, బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి. నాలుగోది టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. 2022లో వచ్చిన బ్రెజా, ఎర్టిగాల ఆరు గేర్ల ఆటోమేటిక్ ఈ కోవదే. ఈ నాలుగింటి ఆయిల్ వేరు, జబ్బులు వేరు, నడిపే తీరు వేరు. మీదేదో ముందు ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోండి.

క్లచ్ పెడల్ లేదు కదా, బ్రేకు తొక్కి డి (డ్రైవ్) లో నిలబెట్టినా ఇంజన్ ఎందుకు ఆగిపోదు?

ఇంజన్‌కూ గేరుబాక్సుకూ మధ్య గట్టి అతుకు లేదు కాబట్టి. వాటి మధ్య ఉన్నది ఆయిల్.

మజ్జిగ చిలకడం గుర్తు తెచ్చుకోండి. కవ్వం తిప్పుతుంటే మజ్జిగ తిరుగుతుంది, మజ్జిగతో పాటు కుండ కూడా తిరగబోతుంది. అందుకే కుండను ఒడిసిపట్టుకుంటారు. కవ్వం కుండను తాకడం లేదు, అయినా దాని బలం మజ్జిగ ద్వారా కుండకు చేరింది. టార్క్ కన్వర్టర్‌లో జరిగేదీ ఇదే. ఇంజన్‌తో పాటు తిరిగే రెక్కల చక్రం పేరు ఇంపెల్లర్. అది ఆయిల్‌ను విసురుతుంది. ఆ ఆయిల్ ఎదురుగా ఉన్న మరో రెక్కల చక్రం టర్బైన్‌ను తిప్పుతుంది. టర్బైన్ గేరుబాక్సు లోపలికి వెళ్లే షాఫ్టుకు బిగించి ఉంటుంది. మీరు బ్రేకు తొక్కి ఉంచితే టర్బైన్ నిలబడిపోతుంది, ఇంపెల్లర్ మాత్రం ఆయిల్‌ను చిలుకుతూనే ఉంటుంది. బ్రేకు వదలగానే కారు తనంతట తాను మెల్లగా కదలడానికి కారణం కూడా ఆ చిలకడమే.

రెండు చక్రాలే ఉంటే దాన్ని ఫ్లూయిడ్ కప్లింగ్ అంటారు, అది ఉన్న బలాన్ని అందించగలదు తప్ప పెంచలేదు. కన్వర్టర్‌లో వాటి మధ్య స్టేటర్ అనే మూడో చక్రం ఉంటుంది. టర్బైన్‌ను కొట్టి తిరిగివచ్చే ఆయిల్ ఇంపెల్లర్‌కు ఎదురు దిశలో వస్తుంది. అలాగే వదిలేస్తే ఇంజన్‌కు అడ్డుపడుతుంది. స్టేటర్ రెక్కలు ఆ ప్రవాహాన్ని మళ్లించి, ఇంపెల్లర్ తిరిగే దిశలోనే దాని వీపున తోసేలా చేస్తాయి. అందువల్ల కారు కదిలే క్షణంలో ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, గేరుబాక్సుకు సుమారు రెండింతలై చేరుతుంది. టర్బైన్ వేగం ఇంపెల్లర్ వేగానికి దగ్గరపడ్డాక స్టేటర్ అవసరం తీరిపోతుంది. ఒకే దిశలో తిరగనిచ్చే వన్‌వే క్లచ్ మీద అది ఉంటుంది కనుక, అప్పటినుంచి అదీ మిగతావాటితో కలిసి తిరుగుతుంది. మొత్తం బండిలో నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపే భాగం ఇదే. ఏ కంప్యూటరూ చెప్పనక్కరలేకుండా, అవసరమైనప్పుడు నిలబడి, అవసరం తీరగానే తప్పుకుంటుంది.

లాకప్ అంటే ఏమిటి?

ఆయిల్ ద్వారా బలం పంపితే కొంత జారుతుంది. ఆ జారుడంతా వేడిగా, పెట్రోలు ఖర్చుగా తేలుతుంది. అందుకని కన్వర్టర్ లోపలే ఒక క్లచ్ పలక పెట్టారు. కారు నిలకడగా నడుస్తున్నప్పుడు గేరుబాక్సు కంప్యూటర్ దాన్ని బిగిస్తుంది. అప్పుడు ఇంజన్, టర్బైన్ ఒక్కటై తిరుగుతాయి. ఇప్పటి కార్లలో పూర్తిగా బిగించడమే కాదు, నిమిషానికి కొన్ని పదుల చుట్ల తేడాతో కావాలనే కాస్త జారనిచ్చి ఇంజన్ అదురు లోపలికి రాకుండా చూస్తారు.

ఆ సన్నటి జారుడుకు ఆయిల్ గుణం బాగుండాలి. 50 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు, వరసగా వేసిన చిన్న స్పీడ్ బ్రేకర్ల మీదుగా వెళ్తున్నట్టు కారు అదిరితే ముందు అనుమానించాల్సింది ఈ లాకప్ క్లచ్‌నూ, పాతబడ్డ ఆయిల్‌నూ. చాలామంది టైర్ల బ్యాలెన్సింగ్ చేయించి, ఇంజన్ మౌంటింగులు మార్పించి, ఆ తర్వాత ఇక్కడికి వస్తారు.

లోపల గేర్లు ఒకదానిలోంచి మరొకదానిలోకి జరుగుతాయా?

ఏ గేరూ తన చోటు నుంచి కదలదు. అన్ని పళ్లూ ఎప్పుడూ ఒకదానిలో ఒకటి ఇమిడే ఉంటాయి. వీటిని ప్లానెటరీ గేర్లు అంటారు. నడిమధ్య సూర్యుడిలా ఒక సన్ గేరు, దాని చుట్టూ మూడు నాలుగు గ్రహ గేర్లు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న రింగ్ గేరు ఉంటాయి. గ్రహ గేర్లను పట్టి ఉంచే చట్రం పేరు క్యారియర్. సన్, రింగ్, క్యారియర్ ఈ మూడింటిలో ఒకదాన్ని తిప్పి, మరొకదాన్ని కదలకుండా పట్టుకుంటే మూడోది ఏదో ఒక వేగంతో తిరిగి తీరాలి.

సన్ గేరుకు 30 పళ్లు, రింగ్‌కు 70 పళ్లు అనుకుందాం. రింగ్‌ను పట్టుకుని సన్‌ను తిప్పితే, అది 3.33 చుట్లు తిరిగినప్పుడు క్యారియర్ ఒక చుట్టు తిరుగుతుంది. సన్‌ను పట్టుకుని రింగ్‌ను తిప్పితే 1.43 చుట్లకు ఒకటి. క్యారియర్‌ను పట్టుకుని సన్‌ను తిప్పితే రింగ్ వెనక్కు తిరుగుతుంది, 2.33 చుట్లకు ఒకటి. అదే రివర్స్. ఏ రెండింటినైనా కలిపి బిగిస్తే మొత్తం ఒకే ముద్దలా తిరుగుతుంది. ఒక్క సెట్టులోనే ఇన్ని నిష్పత్తులు దాగి ఉన్నాయి. గేరు మార్చడమంటే ఇక్కడ దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదలాలి అని తేల్చడమే.

పట్టుకునేవి ఏవి? ఆరు గేర్లకు ఎన్ని కావాలి?

పట్టుకునేవి రెండు రకాలు. తిరిగే రెండు భాగాలను కలిపేవి క్లచ్‌లు, తిరిగే భాగాన్ని పెట్టె గోడకు కట్టేసేవి బ్రేకులు. ఎక్కువ భాగం ఆయిల్‌లో తడిసి ఉండే పలకల దొంతరలే. రాపిడి పూత ఉన్న పలక, ఉక్కు పలక, మళ్లీ పూత పలక అలా పేర్చి ఉంటాయి. వెనుక ఉన్న పిస్టన్‌లోకి ఒత్తిడితో ఆయిల్ వస్తే దొంతర బిగుస్తుంది, ఒత్తిడి తీసేస్తే స్ప్రింగు వెనక్కు నెడుతుంది.

టీఎఫ్-80ఎస్‌సీలో ఆరు ముందు గేర్లకూ రివర్స్‌కూ కలిపి మూడు క్లచ్‌లు, రెండు బ్రేకులు, ఒక వన్‌వే క్లచ్ సరిపోయాయి. ఫ్రెంచ్ ఇంజనీరు లెపెల్లెటియే పేరుతో పిలిచే అమరిక ఇది. ముందు ఒక చిన్న ప్లానెటరీ సెట్టు వచ్చిన వేగాన్ని ఎప్పుడూ 1.556 వంతున తగ్గిస్తూ ఉంటుంది. వెనుక ఉన్న పెద్ద సెట్టుకు ఆ తగ్గిన వేగమూ అందుబాటులో ఉంటుంది, అసలు వేగమూ అందుబాటులో ఉంటుంది. సీ1, సీ3 క్లచ్‌లు తగ్గిన వేగాన్ని తెస్తాయి, సీ2 అసలు వేగాన్ని తెస్తుంది. బీ1, బీ2 బ్రేకులు.

మొదటి గేరులో సీ1 బిగుస్తుంది, వెనుక క్యారియర్‌ను వన్‌వే క్లచ్ ఆపుతుంది, ఇంజన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచడం) కావాలంటే బీ2 కూడా పడుతుంది. రెండో గేరుకు సీ1, బీ1. మూడుకు సీ1, సీ3. నాలుగుకు సీ1, సీ2. ఐదుకు సీ2, సీ3. ఆరుకు సీ2, బీ1. రివర్స్‌కు సీ3, బీ2. నిష్పత్తులు వరసగా 4.148, 2.370, 1.556, 1.155, 0.859, 0.686. రివర్స్ 3.394.

ఈ వరసను ఒకసారి నిదానంగా చదవండి. ఏ గేరు నుంచి పక్క గేరుకు వెళ్లినా ఒక్కటి వదలాలి, ఒక్కటి పట్టాలి, అంతే. ఇంకో విశేషం ఉంది. ఆరో గేరులో పోతూ లారీని దాటడానికి యాక్సిలరేటర్ బలంగా తొక్కారు, కంప్యూటర్‌కు రెండో గేరు కావాలనిపించింది అనుకోండి. బీ1 రెండింటిలోనూ ఉంది. సీ2 వదిలి సీ1 పడితే చాలు, నాలుగు మెట్లు ఒక్క అడుగులో దిగవచ్చు. అదే ఆరు నుంచి మూడుకు రావాలంటే రెండూ వదిలి రెండూ పట్టాలి, అది కష్టమైన పని. నడిపేవాళ్లకు ఇదేమీ తెలియదు, కానీ ఇలా బలంగా తొక్కినప్పుడు కింది గేరుకు దిగే కిక్‌డౌన్‌లు కొన్ని చటుక్కున, కొన్ని కాస్త తడబడుతూ జరగడానికి ఇలాంటివి కారణం.

మరి కంప్యూటర్ చేసేది ఏమిటి?

సోలెనాయిడ్లకు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న అయస్కాంతపు మీటలకు, కరెంటు పంపడం. గేరుబాక్సు లోపల దాని చేతిలో ఉన్న పని అది ఒక్కటే. ఈ పేజీలో మరేదీ గుర్తుండకపోయినా ఈ మాట గుర్తుంచుకోమని కోరతాను. కంప్యూటర్ ఏ గేరునూ తాకదు, ఏ క్లచ్‌నూ నొక్కదు. అది చెప్పే మాట క్లచ్‌కు చేరాలంటే ఆయిల్ మోసుకుపోవాలి.

పెట్టె ముందు భాగంలో ఇంజన్ తిప్పే ఆయిల్ పంపు ఉంటుంది. ఐడ్లింగ్‌లో నాలుగైదు బార్ల ఒత్తిడి, గట్టిగా తొక్కినప్పుడు పది బార్లు దాటిన ఒత్తిడి తెస్తుంది. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటుందని తలచుకుంటే ఎంత బలమో తెలుస్తుంది. ఈ ఆయిల్ వాల్వ్ బాడీ అనే అల్యూమినియం దిమ్మలోకి వెళుతుంది. దాన్ని విప్పితే పురుగు తొలిచిన చెక్కలా వంకరటింకర కాలువలు కనిపిస్తాయి. వాటిలో పెన్సిలంత వాల్వులు అటూ ఇటూ జారుతూ ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో తేలుస్తాయి. ఆ వాల్వులను కదిలించేవి సోలెనాయిడ్లు. కొన్ని తెరవడం, మూయడం మాత్రమే చేసేవి. కొన్ని పంపిన కరెంటును బట్టి ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచి తగ్గించేవి, వీటిని లీనియర్ సోలెనాయిడ్లు అంటారు. గేరు మార్పు మెత్తగా ఉందా, కుదుపుతో ఉందా అన్నది ఈ రెండో రకం చేతిలో ఉంటుంది. మామూలుగా తెరిచి మూసే వాటి తీగచుట్ట నిరోధం 11 నుంచి 15 ఓంలు, లీనియర్ వాటిది 5 ఓంల దగ్గర ఉంటుంది. మీ బండి లెక్క దాని వర్క్‌షాప్ మాన్యువల్‌లోదే తీసుకోవాలి.

ఎప్పుడు మార్చాలో దానికి ఎలా తెలుస్తుంది?

ముఖ్యంగా రెండు వేగాలు కావాలి. టర్బైన్ షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతోంది, బయటికి వెళ్లే షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతోంది. రెండింటికీ చెరో సెన్సర్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఇప్పుడున్న నిష్పత్తి వస్తుంది. మూడో గేరులో అది 1.556 రావాలి. 1.7 వస్తే ఏదో క్లచ్ జారుతోందని అర్థం. వీటికి తోడు ఆయిల్ ఉష్ణోగ్రత, లివర్ పి (పార్కింగ్), ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డి లలో ఎక్కడ ఉందో చెప్పే స్విచ్చి, బ్రేకు స్విచ్చి ఉంటాయి. యాక్సిలరేటర్ ఎంత నొక్కారు, ఇంజన్ ఎంత టార్క్ ఇస్తోంది అన్న సంగతులు ఇంజన్ కంప్యూటర్ నుంచి క్యాన్ అనే రెండు తీగల దారిలో వస్తాయి. ఈ చివరిది మరవద్దు. ఇంజన్ సెన్సర్ ఒకటి తప్పు చెప్పినా గేరుబాక్సు తప్పుగా మారుతుంది. గేరు కుదుపు ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు ఇంజన్ కోడ్‌లు, అంటే లోపం కనిపిస్తే కంప్యూటర్ రాసిపెట్టుకునే సంకేతాలు, స్కానర్‌తో చదవాలి.

రెండు నుంచి మూడుకు మారే ఆ క్షణంలో జరిగేదంతా చెప్పగలరా?

తప్పకుండా, నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. రెండో గేరులో పోతున్నారు, టర్బైన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. సీ1, బీ1 బిగిసి ఉన్నాయి. మూడుకు వెళ్లాలంటే బీ1 వదలాలి, సీ3 పట్టాలి.

మొదట సీ3 పిస్టన్ గదిలోకి ఆయిల్‌ను ఒక్క ఊపులో నింపుతుంది. పలకల మధ్య సందు పోతుంది, కానీ అవి ఇంకా బిగుసుకోవు. ఆ వెంటనే బీ1 ఒత్తిడి తగ్గడం, సీ3 ఒత్తిడి పెరగడం పక్కపక్కనే నడుస్తాయి. బరువైన బిందెను ఒకరి చేతి నుంచి మరొకరు అందుకున్నట్టు ఉంటుంది ఇది. మొదటివారు ముందే వదిలితే బిందె జారుతుంది, ఇక్కడైతే ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది. రెండోవారు పట్టుకున్నా మొదటివారు వదలకపోతే ఇద్దరూ లాక్కుంటారు, ఇక్కడైతే కారు కుదుపుతో తడబడుతుంది. బరువు పూర్తిగా సీ3 మీదికి వచ్చాక టర్బైన్ వేగం 2,400 నుంచి సుమారు 1,576కు దిగాలి. ఎందుకంటే 2,400ను 2.370తో భాగించి 1.556తో హెచ్చిస్తే వచ్చేది అదే. ఆ దిగుదల సాఫీగా ఉండటానికి కంప్యూటర్ ఇంజన్‌ను కాస్త టార్క్ తగ్గించమని అడుగుతుంది, ఇంజన్ స్పార్క్‌ను రెప్పపాటు ఆలస్యం చేస్తుంది. వేగం లెక్కకు సరిపోగానే సీ3కి పూర్తి ఒత్తిడి ఇచ్చి గట్టిగా బిగిస్తుంది. ఇదంతా అటూ ఇటుగా అర సెకను పని.

కంప్యూటర్ మన డ్రైవింగ్ నేర్చుకుంటుందంటారు. నిజమేనా?

అది ముఖ్యంగా నేర్చుకునేది మీ గురించి కాదు, తన క్లచ్‌ల గురించి. పలకలు అరిగేకొద్దీ సందు పెరుగుతుంది, పిస్టన్ నింపడానికి ఇంకొంచెం ఆయిల్, ఇంకొంచెం సమయం పడతాయి. ప్రతి మార్పులో టర్బైన్ వేగం ఎలా దిగిందో చూసి, తర్వాతిసారికి నింపే కాలాన్ని, ఒత్తిడిని సవరించుకుంటుంది. అందుకే ఆయిల్ మార్చాక, వాల్వ్ బాడీ మార్చాక పాత లెక్కలు చెరిపేసి కొత్తగా నేర్పించాలి. అలా చేయకపోతే బాగుచేసిన గేరుబాక్సే ముందుకన్నా కుదుపుతో నడుస్తుంది, యజమాని పని చెడిందని అనుకుంటారు.

కంప్యూటర్లు రాకముందు ఇవి ఎలా నడిచేవి?

మొత్తం ఆయిల్‌తోనే. జనరల్ మోటార్స్ 1939లో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సును తెచ్చినప్పుడు అందులో ఎలక్ట్రానిక్స్ లేవు. కారు వేగాన్ని గవర్నర్ అనే భాగం ఒక ఒత్తిడిగా చెప్పేది, యాక్సిలరేటర్ నుంచి వచ్చే అనుసంధానం మరో ఒత్తిడిగా చెప్పేది. వాల్వుకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి నెట్టేవి. ఏది గెలిస్తే గేరు అటు మారేది. 1989లో క్రైస్లర్ తెచ్చిన నాలుగు గేర్ల ఏ604 ట్రాన్సాక్సిల్‌లో క్లచ్‌లన్నిటినీ ఎలక్ట్రానిక్స్ అదుపులోకి తెచ్చారు, తనను తాను సవరించుకునే పద్ధతీ అందులో ఉంది. ఆ పెట్టెకు చెడ్డపేరు కూడా వచ్చింది. దానికోసం చేసిన ఆయిల్ కాక అప్పట్లో సాధారణంగా దొరికే డెక్స్‌రాన్ పోయడం అందుకు ఒక కారణం.

కారు ఒకే గేరులో ఇరుక్కుపోయింది, పికప్ లేదు, హెచ్చరిక దీపం వెలిగింది. గేరుబాక్సు పోయినట్టేనా?

పోయిందని అప్పుడే అనకండి. కంప్యూటర్‌కు తన సెన్సర్ మాట మీదో, సోలెనాయిడ్ మీదో నమ్మకం పోతే కరెంటు ఆపేసి చేతులు ఎత్తేస్తుంది. కరెంటు లేనప్పుడు వాల్వులు తమ స్ప్రింగులను బట్టి ఒక చోట ఆగుతాయి. ఆ స్థితిలో ఏదో ఒక మధ్య గేరు పడేలా ఇంజనీర్లు ముందే ఏర్పాటు చేశారు. ఇంటికో, షెడ్డుకో చేరడానికి ఇచ్చిన దారి అది. కేబుల్ లివర్ ఉన్న కార్లలో డి, ఆర్ అన్నవి లివర్ నేరుగా కదిపే వాల్వు మీద ఆధారపడతాయి కనుక రివర్స్ కూడా పనిచేస్తుంది.

మా పెదనాన్న కారుకు ఒక వానాకాలంలో ఇలాగే అయింది. రాత్రి మోకాలి లోతు నీళ్లలోంచి ఇంటికి వచ్చారు, రెండు రోజుల తర్వాత కారు ఎత్తు ఎక్కనంది. చూపించిన షెడ్డులో గేరుబాక్సు దించి పూర్తిగా విప్పాలన్నారు. "ఇంత డబ్బు పెట్టడం కన్నా అమ్మేయడం నయం కదురా" అన్నారు పెదనాన్న. నేను స్కానర్ పెట్టి చూస్తే పీ0715 అని ఒకే కోడ్ ఉంది, అంటే టర్బైన్ వేగం చెప్పే సెన్సర్ సర్క్యూట్. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి ఆ సెన్సర్ కనెక్టర్ ఊడదీశాను. లోపల రబ్బరు సీలు ఒక పక్కకు మడత పడి ఉంది, ఒక పిన్ను మీద పచ్చగా చిలుము పట్టింది, తాకితే పొడిలా రాలింది. కనెక్టర్ మార్చాం, కోడ్ చెరిపాం, అంతే. ఆ పెట్టె ఇప్పటికీ విప్పకుండానే నడుస్తోంది. విప్పిన పెట్టెను మళ్లీ దుమ్ము పడకుండా, సందులు సరిగ్గా కొలిచి బిగించగల చోట్లు తక్కువ. అందుకే కోడ్ చదవకుండా, తీగలు చూడకుండా, ఆయిల్ చూడకుండా పెట్టె దించుతామనే మాటకు ఒప్పుకోవద్దని అందరికీ చెబుతాను.

స్కానర్‌లో కనిపించే కోడ్‌లకు అర్థం ఏమిటి?

పీ0700 అంటే గేరుబాక్సు కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉందని ఇంజన్ కంప్యూటర్ చెప్పడం మాత్రమే. అది జబ్బు పేరు కాదు, అసలు కోడ్ కోసం లోపలికి వెళ్లి చదవాలి. పీ0705 లివర్ స్థానం స్విచ్చి. పీ0715 టర్బైన్ వేగం, పీ0720 బయటి షాఫ్టు వేగం. పీ0730 వస్తే నిష్పత్తి లెక్క కుదరడం లేదని, అప్పుడు క్లచ్ జారుడును నిజంగా అనుమానించవచ్చు. పీ0741 లాకప్ క్లచ్ పట్టకపోవడం.

గేరుబాక్సు ఆయిల్ జీవితాంతం మార్చనక్కరలేదని చెప్పారు. నమ్మవచ్చా?

నేను నమ్మను. ఈ ఆయిల్ కన్వర్టర్‌లో బలాన్ని మోస్తుంది, క్లచ్‌లను నొక్కుతుంది, గేర్లకు జిడ్డునిస్తుంది, వేడిని బయటికి తెస్తుంది, పలకలు ఎంత మెత్తగా పట్టాలో కూడా తేలుస్తుంది. పలకల నుంచి రాలిన పొడి, లోహపు నలుసులు దానిలోనే తిరుగుతాయి. తలవెంట్రుక మందం కూడా లేని సందుల్లో కదిలే వాల్వులకు ఆ పొడి మంచిది కాదు. ఎండాకాలంలో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో రోజూ ట్రాఫిక్‌లో నిలబడే కారుకు కంపెనీ పుస్తకంలో 'కఠిన వాడకం' అన్న వరసలో రాసిన గడువే వర్తిస్తుంది. అలాంటి గడువేదీ రాయకపోతే 60,000 కిలోమీటర్లకు ఒకసారి మార్పించమని నా సలహా.

కింది ప్లగ్గు విప్పితే మొత్తంలో సగం దాకే దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉండిపోతుంది. కాబట్టి మార్చి, కొంత నడిపి, మళ్లీ మార్చడం మంచి పద్ధతి. మట్టం చూడటానికి కూడా లెక్క ఉంది. ఆయిల్ వేడికి ఉబ్బుతుంది, అందుకే కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలో, ఇంజన్ నడుస్తుండగా, కారును సమతలంగా నిలిపి చూడాలి. చల్లని బండి మీద చూసి సరిపోయిందనుకుంటే వేడెక్కాక ఎక్కువవుతుంది, నురగ వస్తుంది.

ఏ ఆయిల్ అయినా ఎర్రగానే ఉంటుంది కదా?

రంగు కేవలం అద్దకం, గుణం కాదు. టీఎఫ్-80ఎస్‌సీకి జేడబ్ల్యూఎస్ 3309 ప్రమాణం ఉన్నది కావాలి, హ్యుందాయ్ ఆరు గేర్ల పెట్టెలకు ఎస్‌పీ-4, సీవీటీకి దాని ఆయిల్ వేరే. రాపిడి గుణం మారితే కంప్యూటర్ ఎంత సవరించినా కుదుపు పోదు.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ రోజ్ మిల్క్ రంగులో ఉంది. ఏం చేయాలి?

ఇంజన్ ఆపండి, ఇక స్టార్ట్ చేయకండి, టోయింగ్ బండిని పిలవండి. చాలా కార్లలో గేరుబాక్సు ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలినుంచి వెళుతుంది. అది పగిలి కూలెంట్, ఆయిల్ కలిసిపోయాయి. కూలెంట్ క్లచ్ పలకల పూతను పట్టి ఉంచే జిగురును కరిగిస్తుంది. ఎంత తొందరగా ఆపితే అన్ని పలకలు మిగులుతాయి. ఇక ఆయిల్ గోధుమ రంగులోకి మారి మాడు వాసన వస్తుంటే అది క్లచ్ జారి కాలిన వాసన.

తిరుమల లాంటి ఘాట్ రోడ్లలో డి లోనే ఉంచవచ్చా?

ఎక్కేటప్పుడు ఉంచవచ్చు. ఇప్పటి కంప్యూటర్లు తొక్కిన దానికీ పెరిగిన వేగానికీ పొంతన చూసి ఎత్తును గుర్తిస్తాయి, ఊరికే పై గేరుకు పోవు. తిరుమలలో దిగే దారి వేరు, మలుపులు బిగువుగా ఉంటాయి. అక్కడ లివర్‌ను మాన్యువల్ వైపుకు జరిపి రెండు లేదా మూడో గేరులో ఉంచండి, లేదా ఎల్ (లో, అంటే తక్కువ గేరు) ఉంటే ఎల్ వాడండి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు చల్లగా ఉంటాయి. ఎన్ లో పెట్టి జారనివ్వడం మాత్రం ఎప్పుడూ వద్దు, పట్టి ఉంచేది ఏదీ ఉండదు.

సిగ్నల్ దగ్గర ఎన్ వేయాలా?

అర నిమిషం ఆగడానికి అక్కరలేదు. రెండు మూడు నిమిషాలు పడుతుందంటే వేసి హ్యాండ్ బ్రేకు పట్టండి, కన్వర్టర్ వేడెక్కదు. ఆర్ నుంచి డి కి, డి నుంచి ఆర్ కి మాత్రం కారు పూర్తిగా ఆగాకే మార్చండి. కదులుతుండగా మారిస్తే క్లచ్‌లు బండిని ఆపే బ్రేకుల్లా పనిచేయాల్సి వస్తుంది.

వాలులో ఆపి పి వేస్తే, మళ్లీ తీసేటప్పుడు 'టక్' మని పెద్ద శబ్దం వస్తోంది.

పి వేసినప్పుడు బయటి షాఫ్టు మీది పళ్ల చక్రంలో ఒక చిన్న ఉక్కు కొక్కెం పడుతుంది. కారు బరువంతా ఆ వేలెడంత కొక్కెం మీద వేలాడుతోంది, అదే శబ్దం. కాలి బ్రేకు తొక్కి ఉంచి ఎన్ వేయండి, హ్యాండ్ బ్రేకు లాగండి, కాలి బ్రేకు మెల్లగా వదిలి బండి హ్యాండ్ బ్రేకు మీద కుదురుకోనివ్వండి, అప్పుడు మళ్లీ కాలి బ్రేకు తొక్కి పి వేయండి.

బ్యాటరీ అయిపోతే తోసి స్టార్ట్ చేయవచ్చా? కారు చెడిపోతే తాడు కట్టి లాగించుకోవచ్చా?

తోస్తే స్టార్ట్ కాదు. ఆయిల్ పంపును తిప్పేది ఇంజన్. ఇంజన్ తిరగనిదే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేనిదే ఏ క్లచ్ కూడా పట్టదు, కాబట్టి చక్రాల బలం ఇంజన్ దాకా చేరదు. జంపర్ కేబుళ్లే దారి.

లాగించడంలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ముందు చక్రాలు నేల మీద తిరుగుతుంటే గేర్లూ డిఫరెన్షియల్ తిరుగుతూనే ఉంటాయి, పంపు మాత్రం ఆగి ఉంటుంది. బేరింగులకు ఆయిల్ అందదు. పది ఇరవై కిలోమీటర్లు అలా లాగితే బాగున్న పెట్టె కూడా పాడవుతుంది. ముందు చక్రాలు పైకెత్తి లాగే బండి గానీ, కారు మొత్తాన్ని ఎక్కించుకునే ఫ్లాట్ బెడ్ గానీ రప్పించండి. రోడ్డు పక్కకు చేర్చడానికి ఎన్ లో పెట్టి నాలుగు గజాలు తోసుకోవడం వల్ల ఏమీ కాదు.